సారంలో గంగ ఎలా కలిసింది? గళ్ళనుడికట్టులో మెలిక ఆధారాలు విప్పే పద్ధతి

ప్రశ్న: గళ్ళనుడికట్టులో తిన్నగా అర్థం ఇచ్చే ఆధారాలు పూరించగలను. మెలిక ఉన్నవి మాత్రం జవాబు చూశాక కూడా బోధపడవు. ఉదాహరణకు "సారంలోకి గంగ చివర చేరితే సముద్రం (3)". జవాబు సాగరం అట. సముద్రమంటే సాగరమే, ఒప్పుకుంటాను. మరి మధ్యలో ఆ సారం, గంగ దేనికి? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు:

సముద్రానికి మూడక్షరాల మాట సాగరం ఒక్కటే కాదు కదా. కడలి, జలధి, వారిధి, అంబుధి, పయోధి, ఉదధి, అన్నీ మూడే. తిన్నటి ఆధారమైతే ఇన్నిట్లో ఏది రాయాలో అడ్డొచ్చే మాటలు పడేదాకా తేలదు. మెలిక ఆధారంలో ఆ పేచీ ఉండదు. "గంగ" చివర ఉన్న అక్షరం గ. దాన్ని "సారం" లోకి దూర్చండి: సా, గ, రం. కడలికి గాని జలధికి గాని ఇక చోటు లేదు.

అంటే ప్రతి మెలిక ఆధారంలోనూ రెండు ముక్కలుంటాయి. ఒకటి జవాబుకు అర్థం, రెండోది ఆ జవాబును అక్షరాలతో కట్టే పద్ధతి, అంటే కట్టుబడి. ఒకే మాటకు రెండు దారులు. జిమినీజ్ అనే మారుపేరుతో ఇంగ్లీషు గళ్ళు కూర్చిన డెరిక్ మాక్‌నట్ 1966లో పుస్తకంగా రాసిన సూత్రాల సారం కూడా ఇంతే: అర్థం ఉండాలి, కట్టుబడి ఉండాలి, ఇంకేమీ ఉండకూడదు. అర్థం ముక్క ఎప్పుడూ ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. మధ్యలో ఉండదు. కాబట్టి ముందుగా చెయ్యాల్సింది జవాబు వెతకడం కాదు, ఆధారాన్ని ఎక్కడ రెండుగా విరవాలో చూడటం. గంగ సముద్రంలో కలుస్తుందన్న కథ మిమ్మల్ని మురిపించడానికి వేసిన పైపూత. దాన్ని నమ్మితే భౌగోళికంలోకి వెళ్ళిపోతారు.

ఎక్కడ విరవాలో పట్టుకోవడానికి తెలుగులో మంచి గుర్తు ఒకటి ఉంది: "తే". చేరితే, తిరిగితే, తీస్తే, కలిస్తే. ఇది కనబడితే దాని ముందున్నదంతా కట్టుబడి, తర్వాతిది అర్థం అనుకుని ప్రయత్నించండి. చాలాసార్లు పని జరుగుతుంది. "అయిన", "తిరగేసిన" లాంటి విశేషణాలు ఇందుకు ఎదురు. అవి తమ తర్వాతి మాటకు పనిచేస్తాయి. ఈ రెండూ చూడండి:

"రాసుకునేది తిరగేస్తే చెక్క (3)"
"రాసుకునేది తిరగేసిన చెక్క (3)"

మొదటిదానిలో తిరగేసేది రాసుకునేదాన్ని. పలక తిరగేస్తే కలప, చెక్క అంటే కలప, అదే జవాబు. రెండోదానిలో తిరగేసింది చెక్కను. కలప తిరగేస్తే పలక, జవాబు పలక. ఒక్క ప్రత్యయం మారితే జవాబు తలకిందులైంది. పైగా రెండిట్లోనూ నడిమి అక్షరం "ల" యే కాబట్టి ఆ గడిలో అడ్డొచ్చే మాట మిమ్మల్ని కాపాడదు. నడిమి గడి కుదిరిందని పెన్నుతో దిద్దేసిన వాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

ఇంకో సంగతి. ఇంగ్లీషు గళ్ళు పూరించి వచ్చినవాళ్ళు తెలుగులో మొదట తడబడేది అక్షరం దగ్గర. ఇక్కడ ఒక గడికి ఒక అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న, విసర్గ అన్నీ ఆ అక్షరంతోనే పోతాయి. పద్మం రెండు గడులు (ప, ద్మం). దుఃఖం రెండు. రాష్ట్రం రెండు. స్త్రీ ఒక్కటే గడి. తిరగేసినా, చెదరగొట్టినా అక్షరాన్ని ముక్కలు చెయ్యకూడదు. అందుకే పడక వెనక్కి తిరిగితే చక్కగా కడప అవుతుంది, కమలం తిరిగితే మాత్రం "లంమక" అయి ఏమీ కాదు. సున్న "ల" ను వదిలి రాదు.

ఇక కట్టుబడి రకాలు. పెద్ద జాబితా బట్టీ పట్టక్కర్లేదు, ఒక్క కోతి చాలు. వానరం అన్న మాట తీసుకోండి. తల తీస్తే నరం. తోక తీస్తే వాన. నడుము తీస్తే వారం. కాబట్టి "తోక తెగిన కోతి కురుస్తుంది (2)" అంటే వాన. "ఒంటి నిండా పాకేది తలలేని కోతి (2)" అంటే నరం. "నడుము విరిగిన కోతికి ఏడు రోజులు (2)" అంటే వారం. దీన్నే ఎదురు నడిపితే "వారం మధ్యలో నది మొదలైతే కోతి (3)": నది మొదలు న, అది వారం మధ్యలో చేరి వానరం. తల, మొదలు, నోరు అంటే తొలి అక్షరం. తోక, కాళ్ళు, చివర అంటే ఆఖరిది. నడుము, గుండె, పొట్ట అంటే నడిమిది. ఈ శరీరశాస్త్రం వచ్చేస్తే తెలుగు ఆధారాల్లో చాలా భాగం చేతికొచ్చినట్టే.

మిగతావి త్వరగా చెప్తాను. మాటకు మాట చేర్చడం: "స్వప్నం తరవాత దేవుడిచ్చింది ఆందోళన (4)". కల, దాని పక్కన వరం, కలవరం. దాచిపెట్టడం: "తన వలలో దాచిన పెద్ద కథ (3)". త-న-వ-ల-లో, మధ్యలో నవల కూర్చుని ఉంది. కొత్తవాళ్ళకు అన్నిటికన్నా తేలికైనది ఇదే, ఎందుకంటే జవాబు కళ్ళెదుటే అచ్చయి ఉంటుంది. "లో", "మాటున", "దాగిన" అన్నవి కనబడితే మాటల మధ్య ఖాళీలు చెరిపేసి చదవండి. చెదరగొట్టడం: "తాకు రామ కల్లోలమైతే కొలనులో తేలేది (4)". తా, కు, రా, మ అనే నాలుగక్షరాలు కలగాపులగం చేస్తే తామరాకు. ఇక్కడొక న్యాయం ఉంది. చెదరాల్సిన అక్షరాలు ఆధారంలోనే కనబడాలి. ఏదో పర్యాయపదం మీరు ఊహించి దాన్ని మళ్ళీ చెదరగొట్టాలంటే అది ఆధారం కాదు, అన్యాయం. తిరగెయ్యడానికి పర్యాయపదం ఇస్తే పరవాలేదు. ఎందుకంటే దానికి ఒకే క్రమం ఉంటుంది. మూడక్షరాలు చెదిరితే ఆరు వరసలొస్తాయి, నాలుగైతే ఇరవైనాలుగు.

రెండు అర్థాలవి కురచగా ఉంటాయి. "బీరువాలో సగం (2)": బీరువాలో ఉండేది అర, సగమన్నా అర. రెండు మూడు మాటల ఆధారం కనబడి, తిప్పడం కొయ్యడం లాంటి సూచన ఏదీ లేకపోతే ముందు దీన్నే అనుమానించండి.

ఏకాక్షరాలను గుర్తుపెట్టుకుంటే చాలా పని తగ్గుతుంది. ఆవు అంటే గో. రమ్మంటే రా, పొమ్మంటే పో, తెమ్మంటే తే. లక్ష్మి అంటే శ్రీ, మా. ఆకాశం ఖ (ఖగంలో ఉన్న ఖ అదే). భూమి కు. స్వరం అంటే స, రి, గ, మ, ప, ద, ని లలో ఏదైనా. "ఆవు ఊరు చేరితే గుడి ముందు నిలబడేది (3)" అన్నది చూడగానే గో పక్కన పురం పెట్టేస్తారు, గోపురం.

తెలుగు గళ్ళలో మాత్రమే ఎక్కువగా కనిపించే ఒక రకం గురించి ముందే హెచ్చరించాలి. "తిరగబడ్డ రాజు (2)" అని ఊరుకుంటారు. జవాబు "జురా". అలాంటి మాట ఏ నిఘంటువులోనూ లేదు, ఉండక్కర్లేదు. రాజునే వెనక నుంచి రాయమంటున్నారు. గళ్ళు కుదరక కూర్పరి చేసిన సర్దుబాటు ఇది. నాకైతే ఇది సరసంగా అనిపించదు కానీ, పూరించేవాళ్ళకు తప్పదు. గుర్తుపట్టడం ఎలా అంటే, ఆధారాన్ని విరవడానికి చూస్తే రెండో ముక్క దొరకదు. అర్థం ఉంది, మార్పు ఉంది, ఆ మార్పు తర్వాత వచ్చే కొత్త మాటకు అర్థం లేదు. అప్పుడు గడిలో అర్థంలేని అక్షరాలే రాయాలి. "చెల్లాచెదురైన" అని వస్తే ఇంకా చిక్కు, ఏ వరసలో చెదిరిందో అడ్డొచ్చే మాటలే చెప్పాలి. దాన్ని ఆఖరున వదిలిపెట్టండి. నిలువు ఆధారాల్లో "శీర్షాసనం", "పైకెక్కిన" అంటే కింది నుంచి పైకి, అడ్డంలో "వెనక్కి", "అటునుంచి" అంటే కుడి నుంచి ఎడమకి.

పూరించే వరస ఇలా ఉంటే బాగుంటుంది. పెన్సిలు తీసుకోండి. మొదటి చుట్టులో అడ్డం, నిలువు అన్నీ ఒకసారి చదివి, దాచిపెట్టినవి, రెండర్థాలవి, రెండు మూడు గడులవి మాత్రమే పట్టుకోండి. ఒక్కోదానికి అర నిమిషం మించి కూర్చోకండి. రెండో చుట్టులో పడిన అక్షరాలకు అడ్డొచ్చే మాటలే చూడండి, మూలనుంచి మూలకు దూకొద్దు. తట్టనిచోట అర్థం ముక్కను బట్టి ఆఖరి గడి ఊహించవచ్చు. అర్థం బహువచనమైతే "లు" అని, పురుషుడైతే "డు" అని లేతగా రాసుకోండి. గట్టిగా నమ్మొద్దు, కన్నులు "లు" తో ముగిస్తే కళ్ళు "ళ్ళు" తో ముగుస్తాయి.

తప్పులు ఎక్కువగా జరిగేది రూపభేదాల దగ్గర. గోపురం మూడు గడులు, గోపురము నాలుగు. ఏది రాయాలో అంకె చెబుతుంది. అంకె చెప్పలేనివి కూడా ఉంటాయి: చిలక, చిలుక, చెరకు, చెరుకు. ఇలాంటివి మాట మొత్తం తెలిసినా ఆ ఒక్క గడి ఖాళీగా ఉంచి అడ్డొచ్చే మాటతో తేల్చుకోవాలి. దీర్ఘం దగ్గర కూడా జాగ్రత్త. నిక్కచ్చిగా కూర్చే చోట క, కా ఒకే గడిలో ఇమడవు, కాబట్టి అడ్డం మాటకు క కావాలి, నిలువు మాటకు కా కావాలి అంటే రెండిట్లో ఒకటి తప్పని అర్థం.

ఇంకో తప్పు, అర్థం కుదిరింది కదా అని కట్టుబడి చూడకుండా రాసెయ్యడం. మీరు అడిగినది సరిగ్గా ఇదే. దానికి మందు, ప్రతి జవాబు పక్కన విప్పిన తీరును ఒక్క వరసలో రాసుకోవడం. లోపల చేరినదాన్ని కుండలీకరణంలో పెట్టండి: సా(గ)రం. చేర్పుకు కూడిక గుర్తు: కల + వరం. వెనక్కి తిరిగితే ఎడమకు బాణం. చెదిరితే చుక్కగుర్తు: తాకురామ*. రాశాక ఆధారంలోని ఒక్కో మాట మీద వేలు పెట్టి, నీ పనేంటి అని అడగండి. "సారం" గిన్నె, "లోకి" దూర్చమన్న సూచన, "గంగ చివర" గ, "చేరితే" కట్టుబడిని అర్థంతో కలిపే అతుకు, "సముద్రం" అర్థం. పనిలేని మాట ఒక్కటి మిగిలినా జవాబును అనుమానించండి. మరీ అలంకారంగా రాసే కూర్పరులు ఒకటీ అరా మాటలు పైపూత కోసమే వేస్తారు, అది వాళ్ళ తప్పు, మీది కాదు.

చెయ్యి తిరగడానికి నాలుగు ఇస్తున్నాను. కింది పేరా చూడకుండా ప్రయత్నించండి.

మంచం తిరగేస్తే ఒక జిల్లా (3)
రమ్మని పాఠశాల చూపిస్తే ఆదాయం (3)
పల్లెలో డప్పుల వరుస మొదళ్ళు కలిస్తే రేవు దాటించేది (3)
వంద రోట్లో వేసి మెత్తగా చెయ్యి (2)

మొదటిది, మంచం అంటే పడక, వెనక్కి తిరిగి కడప. రెండోది రా + బడి, రాబడి. మూడోదానిలో పల్లెలో, డప్పుల, వరుస అనే మూడు మాటల తొలి అక్షరాలు ప, డ, వ. నాలుగోదానిలో "తే" లేదు, తిప్పడం కొయ్యడం లేదు. "రోట్లో" లోని "లో" చూసి అక్కడేదో దాగుందని వెతికితే దారి తప్పుతారు. వంద దగ్గర విరిచి రెండు అర్థాలుగా చదవండి: వంద అన్నా నూరే, రోట్లో వేసి మెత్తగా చెయ్యమన్నా నూరే.