అడిగిన మాటనే తిరిగి అంటున్నాడు.. మాన్పించాలా?

ప్రశ్న: మా బాబుకు 3 ఏళ్ల 8 నెలలు. "నీళ్లు తాగుతావా?" అని అడిగితే వాడూ "నీళ్లు తాగుతావా?" అనే అంటాడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని "ఏం కాదు, చీమ కుట్టిందంతే" అంటాడు. ఏడాదిన్నరప్పుడు అత్త, తాత అనేవాడు, తర్వాత మానేశాడు. ఒక స్పీచ్ థెరపిస్టు ఆటిజం లక్షణాలున్నాయన్నారు. మావారికీ మాటలు ఆలస్యమేనని, ఐదేళ్లదాకా ఆగమని అత్తగారు అంటున్నారు. రోజూ వస కొమ్ము అరగదీసి నాకిస్తున్నాం. రాత్రిళ్లు పడుకోకపోతే మెడికల్ షాపులో జలుబు సిరప్ ఇచ్చారు, దాంతో నిద్రపోతున్నాడు. ఈ చిలకపలుకులు మాన్పించేదెలా?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ముందు ఆ సిరప్ ఆపండమ్మా. మీరడిగింది అది కాదని తెలుసు. కానీ మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే. జలుబు సిరప్‌లలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసి ఉంటాయి. నాలుగేళ్లలోపు పిల్లలకు ఈ మిశ్రమం వాడొద్దని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం 2023 డిసెంబరులోనే ఆదేశించింది. మీవాడికి ఇంకా నాలుగు నిండలేదు. అది పట్టించేది మగత. కొందరు పిల్లల్లో బెడిసికొట్టి చిరాకు, గెంతులు ఎక్కువవుతాయి కూడా. జలుబే లేని పిల్లాడికి జలుబు మందేంటి చెప్పండి! ఆటిజం ఉన్న పిల్లల్లో నిద్ర సమస్యలు మామూలే, వాటికి వేరే మార్గాలున్నాయి. కానీ బిడ్డను చూసిన డాక్టరే చెప్పాలి.

వస కూడా వద్దు. దానివల్ల మాటలు వస్తాయనడానికి రుజువు లేదు, మోతాదు మించితే వాంతులవుతాయి. పెద్దావిడను నొప్పించకుండా చెప్పండి, నా పేరు వాడుకున్నా సరే.

ఇక మాటల సంగతి. విన్నది తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటాం. మాటలు నేర్చే పిల్లల్లో చాలామంది కొన్నాళ్లు అలా అంటారు, సాధారణంగా మూడేళ్లకు తగ్గిపోతుంది. ఆటిజంలో చాలాకాలం ఉండొచ్చు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో క్యానర్ ఆటిజం గురించి రాసిన తొలి వ్యాసంలోనే, ఆ పిల్లలు 'అవును' అనడానికి ప్రశ్ననే తిరిగి చెబుతారని గుర్తించారు. ఆ తర్వాత చాలాకాలం అర్థంలేని వాగుడని కొట్టిపారేసి మాన్పించేవారు. 1980లలో స్పీచ్ నిపుణుడు బారీ ప్రిజంట్ వంటివారు దగ్గరుండి గమనిస్తే, పిల్లలు ఆ మాటలతోనే కావాల్సింది అడుగుతున్నారు, ఒప్పుకుంటున్నారు, తమను తాము ఊరడించుకుంటున్నారు.

మీవాడి "నీళ్లు తాగుతావా?" బహుశా "తాగుతాను" అనే. ఆ 'చీమ' మాట సూది వేయించినప్పుడు మీరో, నర్సమ్మో అన్నదై ఉండొచ్చు. గుర్తు తెచ్చుకోండి. అప్పటి భయం, మిక్సీ భయం వాడికి ఒకటే. తనకు తెలిసిన ధైర్యవచనం తనే చెప్పుకుంటున్నాడు. దాన్ని గద్దించి మాన్పిస్తే వాడికి మిగిలేది ఏడుపే.

కాబట్టి ప్రశ్నలు తగ్గించండి. వాడి నోట రావాల్సిన మాటను మీరే వాడి తరఫున అనండి: గ్లాసు చూపించి "నీళ్లు తాగుతాను". మన భాషలో 'తాగుతావా'కూ 'తాగుతాను'కూ తేడా చివరి అక్షరంలోనే ఉంది, అది పట్టుకోవడానికి వాడికి టైం పడుతుంది. మిక్సీ వేసేముందు "చప్పుడొస్తుంది, భయమేస్తోంది" అనండి. "సరిగా చెప్పు" అని పదిసార్లు అనిపించొద్దు. మిగతాది థెరపిస్టు నేర్పుతారు.

ఐదేళ్లదాకా ఆగడం మాత్రం కుదరదు. వచ్చిన మాటలు పోయాయని రాశారు, అది తేలిగ్గా తీసుకునేది కాదు. చూడకుండా ఆటిజం అని గానీ, కాదని గానీ నేను అనను. పిల్లల న్యూరాలజిస్టుకో, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్‌కో ఈ నెలలోనే చూపించండి. పిల్లల ఎదుగుదల లోపాలను చూసే ప్రభుత్వ కేంద్రం, మీ జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో ఉచితంగా చూస్తారు, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. చూపులు నిలిచిపోవడం, పిలిచినా, తట్టినా కొన్ని క్షణాలు పలకకపోవడం, ఫిట్స్‌లా రావడం ఉంటే ఇవేవీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వినికిడి పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. ఇంత స్పష్టంగా తిరిగి అంటున్నాడు కదా అనుకోవద్దు, ఒక చెవిలో లోపమున్నా ఇంట్లో తెలియదు. శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో చూసే బెరా అనే వినికిడి పరీక్షకు ఈ వయసు పిల్లల్ని తరచూ నిద్రమందుతో పడుకోబెడతారు. కాబట్టి ఆ సిరప్ సీసా కూడా వెంట తీసుకెళ్లి చూపించండి, ఎన్ని రోజులు, ఎంత పోశారో దాచకుండా చెప్పండి.