పాత బాకీ వరుస దానంతటదే ఎర్రబడాలంటే

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు మాది. అరువు బిల్లులు ఎక్సెల్‌లో రాస్తున్నాను. లక్ష దాటిన బాకీలకు నేనే ఎర్ర రంగు వేస్తున్నాను. గడిలో ఉన్న అంకెను బట్టి వరుస మొత్తం దానంతటదే రంగు మారేలా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చండీ. కానీ ముందు ఆ లక్ష లెక్క వదిలేయండి. లక్షన్నర బాకీ పది రోజుల్లో వచ్చేస్తే బెంగే లేదు. ఇరవై వేలు ఆరు నెలలు ఆగిపోతే, ఆ లోటు పూడ్చడానికి మీరు తెచ్చిన అప్పు మీద వడ్డీ లాభాన్ని తినేస్తుంది. బాకీ ఎంత పాతబడిందో చూసి రంగు మారాలి.

ఎన్ని రోజులన్నది చట్టంలోనే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం మీలాంటి చిన్న తయారీదారులకు రాతకోతల ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బు కట్టాలి. గడువు సరుకు తీసుకున్న రోజు నుంచి మొదలవుతుంది. అందుకని బి కాలమ్‌లో బిల్లు తేదీ కాదు, సరుకు అందిన తేదీ రాయండి. ఎఫ్ కాలమ్‌లో ఇంకా రావాల్సిన బాకీ.

రెండో వరుస నుంచి పట్టికంతా సెలెక్ట్ చేసి, హోమ్‌లో కండిషనల్ ఫార్మాటింగ్, న్యూ రూల్‌కి వెళ్లి, ఫార్ములా రాసే చివరి ఎంపిక తీసుకోండి. ఇంగ్లిషు అక్షరాల్లో ఇలా కొట్టండి:

=AND($F2>0,TODAY()-$B2>45)

తర్వాత ఫార్మాట్ నొక్కి ఎర్ర రంగు ఎంచుకోండి.

చాలామంది తడబడేది డాలర్ గుర్తు దగ్గరే. కాలమ్ అక్షరం ముందు తప్పనిసరిగా ఉండాలి, 2 ముందు ఉండకూడదు. మౌస్‌తో గడిని నొక్కితే ఎక్సెల్ రెండు చోట్లా పెట్టేస్తుంది. అప్పుడు అన్ని వరుసలూ ఒకే బిల్లును చూసి రంగు మారతాయి. బాకీ సున్నా కంటే ఎక్కువ అన్న షరతు తీసేయకండి, లేకపోతే తీరిపోయిన బిల్లులూ, ఖాళీ వరుసలూ ఎర్రబడతాయి. పసుపు రంగుకు 45 బదులు 15 పెట్టి మరో రూల్ రాసి, ఎరుపు రూల్ కింద ఉంచండి.

తేదీల మధ్య చుక్కలు పెట్టే అలవాటుంటే మానేయండి. చాలా కంప్యూటర్లలో ఎక్సెల్ వాటిని తేదీలుగా గుర్తించదు, రంగూ రాదు. గీతలు వాడండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ నమోదు) లేకపోతే వెంటనే చేయించుకోండి, ఫీజు లేదు. గడువు దాటించిన కొనుగోలుదారు మీ బిల్లును డబ్బు కట్టిన ఏడాదిలోనే పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోగలరు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. మార్చి మొదటి వారంలో రంగు మారిన వరుసల వాళ్లందరికీ ఫోన్ చేసి ఈ మాట చెప్పండి. వాళ్ల ఆడిటరు కూడా కట్టేయమనే అంటారు.