వార్డులో విరేచనాలు: ఇంటి నుంచి తెచ్చుకున్నారా, ఇక్కడే అంటాయా?

ప్రశ్న: మా పిల్లల వార్డులో రెండు వారాల్లో ఆరుగురికి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరి మలంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఉందని ల్యాబ్ చెప్పింది. రోజూ బ్లీచింగ్‌తో తుడిపిస్తున్నాం, శానిటైజర్ రాసుకుంటున్నాం. అయినా ఆగడం లేదు. ఎక్కడ మొదలైందో ఎలా పట్టుకోవాలి?
– ఒక స్టాఫ్ నర్సు

జవాబు: ముందు బ్లీచింగ్, శానిటైజర్ల మీద భరోసా వదిలేయండి సిస్టర్. ఈ పరాన్నజీవి గట్టి తొడుగులో బయటికొస్తుంది. మామూలు మోతాదు క్లోరిన్‌కీ, ఆల్కహాల్‌కీ చావదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళతోనే సుమారు 4 లక్షల మందికి సోకింది. చేతులను సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద రుద్ది కడగాల్సిందే. పాలసీసాలు కడిగాక కనీసం ఒక నిమిషం తెర్లే నీళ్ళలో ఉంచాలి.

ఇక మూలం. ఒక పెద్ద కాగితం తీసుకుని బిడ్డకో వరుస రాయండి: వయసు, బెడ్ నంబరు, చేరిన తేదీ, మొదటి నీళ్ళ విరేచనం తేదీ, తల్లిపాలా సీసాపాలా, తాగే నీళ్ళు ఎక్కడివి, మధ్యలో బెడ్ మారిందా. గుట్టంతా ఆ రెండు తేదీల మధ్యే ఉంటుంది. సోకాక విరేచనాలు మొదలవడానికి సగటున 7 రోజులు, ఎక్కువమందిలో 2 నుంచి 10 రోజులు పడుతుంది. చేరిన రోజే మొదలైతే బయట సోకినట్టే. 15వ రోజున మొదలైతే వార్డులోనే అంటిందనుకోవాలి. మధ్యలో పడ్డవాళ్ళను తొందరపడి ఏ లెక్కలోనూ వేయకండి.

తర్వాత బెడ్ల పటం గీయండి. పక్కపక్క బెడ్లలో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంటే చేతులను, డైపర్లను అనుమానించాలి. వార్డంతా రెండు మూడు రోజుల్లోనే కేసులు పొంగితే నీళ్ళు, పాలు చూడాలి. డైపర్ మార్చే గట్టు మీదే కడిగిన సీసాల పీకలు ఆరబెడుతున్నారేమో ఒకసారి మీరే వెళ్ళి చూడండి.

మిగతా నలుగురి రిపోర్టులో ‘ఏమీ లేదు’ అని ఉంటే నమ్మేయకండి. ఇవి 4 నుంచి 6 మైక్రాన్ల గుండ్రాలు. మామూలు సెలైన్ స్లైడులో ఈస్ట్ అనే శిలీంధ్రం అనుకుని వదిలేస్తారు. ‘మాడిఫైడ్ యాసిడ్ ఫాస్ట్’ అనే రంగు పరీక్ష చేయమని ఫారంలో రాసి పంపండి. మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు కూడా వేసిన ఆ స్లైడులో ఇవి గులాబీ ఎరుపుగా తేలతాయి, ఈస్ట్ మాత్రం నీలంగా ఉండిపోతుంది. ఒక్క నమూనా చాలదు, వేర్వేరు రోజుల్లో మూడు పంపండి. జన్యు పరీక్షకు పంపే వీలుంటే కొంత మలాన్ని ఫార్మలిన్ కలపకుండా ఫ్రిజ్‌లో దాచండి. ఫార్మలిన్ తగిలితే ఆ జన్యు పరీక్ష (పీసీఆర్) దెబ్బతింటుంది.

ల్యాబ్‌వాళ్ళను ఇంకొకటి అడగండి: ఈ రంగు పరీక్ష ఈమధ్యే మొదలుపెట్టారా? అలాగైతే పాత కేసులే ఇప్పుడు బయటపడుతూ ఉండొచ్చు.

ప్రశ్న: బాబుకి క్రిప్టోస్పోరిడియం విరేచనాలు తగ్గాయి. అంగన్‌వాడీకి ఎప్పుడు పంపాలి?
– ఒక తల్లి

జవాబు: చివరి విరేచనం అయ్యాక 48 గంటలు ఆగి పంపండమ్మా. మలంలో క్రిమి ఇంకా కొన్నాళ్ళు పోతూనే ఉంటుంది కాబట్టి రెండు వారాలపాటు ఈతకొలనులో దింపకండి. బాబును కడిగిన ప్రతిసారీ మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.