‘గూగుల్డ్’ అని రాస్తే తప్పా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా గుంటడు తొమ్మిదో తరగతి. మొన్న ఇంగ్లీషు పరీక్షలో ‘ఐ గూగుల్డ్ ఇట్’ అని రాశాడంట, గూగుల్ అంటే కంపెనీ పేరు, దాన్ని క్రియలా వాడకూడదని టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి మార్కు తీసేశారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. నిజంగా తప్పేనా? ఇంగ్లీషులో ఏ పేరునైనా అలగ వాడేస్తారు, మరి మన తెలుగులో ఎందుకు కుదరదు?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ముందు బాబుని ఏడవొద్దని చెప్పండి, వాడు రాసింది తప్పు కాదు. గూగుల్‌ని క్రియగా ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 2006లోనే ఎక్కించుకుంది, అమెరికా వాళ్ల మెరియం వెబ్‌స్టర్ కూడా అదే ఏడాది ఎక్కించింది. టీచర్ గారి మీద కోపం పెట్టుకోకండి, ఈ చిరాకు చాలా పాతది. అమెరికా స్వాతంత్ర్య నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటాయన 1789లో, తర్వాత డిక్షనరీలతో పేరు తెచ్చుకున్న నోవా వెబ్‌స్టర్‌కి ఉత్తరం రాస్తూ నోటీస్, అడ్వొకేట్, ప్రోగ్రెస్ అనే మాటల్ని జనం క్రియల్లా వాడేస్తున్నారు, మీరైనా ఖండించండి అని అడిగాడు. ఇప్పుడు ఆ మూడింటినీ ఎవరూ కొట్టెయ్యరు. అంతెందుకు, ‘వాటర్ ద ప్లాంట్స్’ అని చిన్న క్లాసులోనే నేర్పిస్తాం కదా, వాటర్ అంటే నీళ్లు, అక్కడ మాత్రం నీళ్లు పొయ్యడం అయిపోయింది, దానికి మార్కు తీసిన వాళ్లని నేను చూడలేదు.

ఇంగ్లీషుకి ఇది ఎలా కుదిరిందంటే, సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ప్రేమ అంటే లువు, ప్రేమించడం అంటే లువియన్, మాట చివర చూస్తే ఇది పేరు ఇది పని అని తెలిసిపోయేది. పోను పోను ఆ చివర్లన్నీ అరిగిపోయి రెండిటికీ కలిపి లవ్ ఒక్కటే మిగిలింది, ఇక అప్పట్నుంచి వాక్యంలో మాట ఏ చోట కూర్చుందో దాన్ని బట్టే అర్థం. మనిషి పేరు కూడా ఆ చోట కూర్చోవచ్చు. 1880లో ఐర్లండ్‌లో బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటుకి పొలం కోతకి ఊళ్లోవాళ్లు ఎవరూ రాలేదు, కొట్లో సరుకు కూడా ఇవ్వలేదు, ఆ వెలి వేసిన పనికే ఆయన పేరు పెట్టేశారు, మన స్వాతంత్ర్య పోరాటంలో విదేశీ బట్టల దాకా వచ్చింది ఆ మాట.

కంపెనీలకి మాత్రం ఇది ఇష్టం ఉండదు, పేరు మామూలు మాటైపోతే ట్రేడ్‌మార్క్, అంటే ఆ పేరు మీద తమకే ఉన్న హక్కు, పోతుందని భయం. ఎస్కలేటర్ అనేది ఓటిస్ కంపెనీ సొంత పేరు, 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. గూగుల్ మీద కూడా కేసు వేశారు గానీ, జనం క్రియలా వాడినంత మాత్రాన హక్కు పోదని అక్కడి అప్పీల్ కోర్టు 2017లో చెప్పింది. కంపెనీ పేరు క్రియ కాకూడదన్న రూలు వ్యాకరణంలో ఎక్కడా లేదమ్మా.

ఇక తెలుగు సంగతి, నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. మన క్రియ చివర చేశాను, చేశావు, చేసింది అని ఎవరు చేశారో ఎప్పుడు చేశారో ఉంటుంది, గూగుల్‌కి అవి నేరుగా అతకవు. ప్రేమించు, చిగురించు లాగా ఇంచు తగిలించి ‘గూగులించు’ అని రాసేవాళ్లు ఉన్నారు, బాగానే ఉంది, కాకపోతే చదివించు, రాయించు అన్నప్పుడు అదే ఇంచు ఇంకొకరి చేత చేయించడం కూడా కదా, అందుకని నాకు కొంచెం తడబాటుగా అనిపిస్తుంది. జనం వేరే దారి పట్టారు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో కాసేపు నిలబడి వినండి, జిరాక్స్ తీయించు, ఫోన్‌పే కొట్టు, వాట్సాప్‌లో పెట్టు, సెల్ఫీ దిగు, ఒక్కో కొత్త వస్తువుకి ఒక్కో మన క్రియని ఎంత చక్కగా జత చేశారో! తీయించు అన్నామంటే మెషిన్ మీద చెయ్యి ఇంకొకరిది అని తెలిసిపోతోంది. ఫోటో తియ్యడం వేరు, ఫోటో దిగడం వేరు, కెమెరాకి ఇటు ఒకరు అటు ఒకరు, ఇంగ్లీషు ఫోటోగ్రాఫ్ క్రియ అయినప్పుడు మామూలుగా తీసేవాడి పనే చెబుతుంది, మన దిగడానికి సరిగ్గా సరిపోయే క్రియ దొరకడం కష్టం. ఇవేవీ పండితులు కూర్చుని చేసినవి కావు. జనం నోటి భాషే పుస్తకాల్లోకి రావాలని కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే, అందుకే ఈ మాటల్ని యాస అనో సంకరం అనో ఎవరైనా తీసిపారేస్తే నాకు బాధేస్తుంది.

బాబుని ఆ డిక్షనరీ పేజీ టీచర్ గారికి మర్యాదగా చూపించమనండి. అలాగే ‘సెల్ఫీ దిగాను’ అన్నదాన్ని, ఆ దిగడం పోకుండా, ఇంగ్లీషులో ఒక్క క్రియతో రాయమనండి, వాడు ఏం రాస్తాడో నాకు కూడా పంపండి.