మళ్లీ పంపే ముందు: నెట్‌వర్క్ కోడ్‌లో రీట్రైల గురించి తమ్ముడికో ఉత్తరం

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన కోడ్ చదివాను. కనెక్ట్, సెండ్, రిసీవ్ వీటిలో ఏది మైనస్ ఒకటి ఇచ్చినా సెకను పాటు స్లీప్, మళ్లీ అదే కాల్, ఐదుసార్లయ్యాక ఎర్రర్. జ్వరమొచ్చినా, కాలు విరిగినా ఒకే మాత్ర మింగించినట్టుంది. రీట్రై రాయబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకో: పోయిన ప్రయత్నం ఎంతదాకా వెళ్లింది? దీనికి జవాబు దొరికితే ఏం చేయాలో దానంతటదే తేలిపోతుంది. దొరకని చోటే అసలు చిక్కు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందుగా, ఫెయిల్యూరే కాని వాటిని విడగొట్టు. రీడ్ లేదా సెండ్ ఈఇంటర్ అనే ఎర్రర్ కోడ్ ఇచ్చిందంటే ఒక్క బైటూ కదలకముందే సిగ్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌కి పంపే కబురు) వచ్చి కాల్‌ని ఆపిందని అర్థం. వెంటనే మళ్లీ పిలువు. స్లీప్ అక్కర్లేదు, దాన్ని ప్రయత్నాల లెక్కలోకీ వేయకు. పైథాన్‌లో 3.5 నుంచి లైబ్రరీయే ఈ పని చూసుకుంటుంది. సీ భాషలో మాత్రం నువ్వే చూసుకోవాలి. రెండుచోట్ల మాత్రం ఈ సూత్రం తిరగబడుతుంది. కనెక్ట్ మధ్యలో ఈఇంటర్ వస్తే కనెక్షన్ పని కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) సాగుతూనే ఉంటుంది. మళ్లీ పిలిస్తే ఈఆల్‌రెడీ (ఆ పని ఇప్పటికే నడుస్తోంది) అనవచ్చు. అందుకే సాకెట్ (ప్రోగ్రామ్ వైపు కనెక్షన్ కొస) రాయడానికి సిద్ధమయ్యేదాకా పోల్ అనే కాల్‌తో ఆగి, గెట్‌సాక్‌ఆప్ట్‌తో ఎస్ఓ ఎర్రర్ (సాకెట్‌లో నమోదైన ఎర్రర్) విలువ చూడు. సున్నా అయితే కుదిరినట్టే. ఇక రెండోది క్లోజ్. లినక్స్‌లో క్లోజ్ ఈఇంటర్ ఇచ్చినా డిస్క్రిప్టర్ నంబర్ (సాకెట్‌కి కెర్నెల్ ఇచ్చే గుర్తు) అప్పటికే విడుదలైపోయింది. నువ్వు రెండోసారి క్లోజ్ చేసేలోపు ఇంకో థ్రెడ్‌కి అదే నంబర్ దొరికితే, వాళ్ల సాకెట్‌ని నువ్వు మూసేస్తావు. అలాంటి బగ్ పట్టుకోవాలంటే వారాలు పడుతుంది.

నాన్‌బ్లాకింగ్ సాకెట్‌లో (కాల్ ఎదురుచూడకుండా వెంటనే తిరిగొచ్చేది) ఈఎగైన్ కూడా ఎర్రర్ కాదు. "ఇప్పుడు కాదు, కాసేపాగు" అంతే. లూప్‌లో వెంటవెంటనే పిలిస్తే ఒక కోర్ మొత్తం కాలిపోతుంది, నీలాగా సెకను నిద్రపోతే రెండు మిల్లీసెకన్లలో వచ్చే డేటాకి వెయ్యి ఆగుతావు. పోల్‌కో ఈపోల్‌కో అప్పజెప్పి, వాళ్లు పిలిచినప్పుడు లేవాలి. ఈపోల్‌ని ఎడ్జ్ ట్రిగర్డ్‌గా (కొత్త డేటా వచ్చినప్పుడు మాత్రమే లేపేలా) వాడుతుంటే ఈఎగైన్ వచ్చేదాకా చదువుతూనే ఉండు. మధ్యలో ఆపితే మిగిలిన డేటా గురించి నిన్ను మళ్లీ ఎవరూ లేపరు. బ్లాకింగ్ సాకెట్‌కి రిసీవ్ టైమౌట్ పెట్టుకున్నా, గడువు దాటగానే వచ్చేది ఇదే ఈఎగైన్. అక్కడ మాత్రం అది టైమౌట్. ఈ తేడా మరిచిపోకు.

రీడ్ సున్నా ఇస్తే "ఇంకా రాలేదు" అని కాదు, అవతలివాళ్లు తమ వైపు పంపడం ముగించారని. దీన్ని రీట్రై చేస్తే లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.

నీ సెండ్ రాపర్‌లో ఇంకో పెద్ద తప్పుంది. 10,000 బైట్లు ఇచ్చావు, సెండ్ 6,144 అని తిరిగిచ్చింది. నువ్వు దాన్ని ఫెయిల్యూర్ అనుకుని మొత్తం 10,000 మళ్లీ పంపుతున్నావు. అవతల స్ట్రీమ్ అంతా చిందరవందర. పాయింటర్‌ని 6,144 ముందుకు జరిపి, మిగిలిన 3,856 మాత్రమే పంపాలి. అయితే ఈ మధ్యలో కనెక్షన్ తెగి కొత్తది తెరిస్తే మాత్రం మొదటి బైట్ నుంచి మొదలుపెట్టు. పాత సాకెట్‌లో పోయిన సగాన్ని కొత్త సాకెట్ ఎరగదు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (కనెక్షన్‌ని గుప్తీకరించే లైబ్రరీ) వాడితే ఇంకో మెలిక ఉంది: రాసే కాల్ "వాంట్ రీడ్" అనో "వాంట్ రైట్" అనో ఆగితే, మళ్లీ పిలిచేటప్పుడు అదే బఫర్ చిరునామా, అదే పొడవు ఇవ్వాలి. మధ్యలో బఫర్‌ని కదిలిస్తే, దానికోసం ఉన్న మోడ్ పెట్టుకోనంతవరకూ, ఎర్రర్ కొడుతుంది. రాసే కాల్ చదవడానికి ఎదురుచూడమనడం వింతగా అనిపించినా టీఎల్ఎస్ అనే ఆ గుప్తీకరణ పద్ధతిలో అది మామూలే.

కనెక్ట్ విఫలమైతే ఆ సాకెట్‌ని పారేయ్, కొత్తది తెరువు. విఫలమైన సాకెట్ ఏ స్థితిలో ఉంటుందో పోసిక్స్ ప్రమాణం హామీ ఇవ్వదు. పేరుకి నాలుగు చిరునామాలు వచ్చినప్పుడు ఒకటి కుదరక రెండోదానికి వెళ్లడాన్ని రీట్రైగా లెక్కించకు. కనెక్ట్‌కి నీ సొంత టైమౌట్ తప్పనిసరి. లినక్స్‌ని దాని మానాన వదిలేస్తే, జవాబివ్వని చిరునామా మీద రెండు నిమిషాలకు పైగా సిన్ (కనెక్షన్ మొదలుపెట్టమని అడిగే) ప్యాకెట్లు పంపుతూ కూర్చుంటుంది. కనెక్ట్ అయ్యాక అవతలి యంత్రం మాయమైతే, పంపిన డేటాకి అక్నాలెడ్జ్‌మెంట్ రాలేదని ఒప్పుకోవడానికి డిఫాల్ట్ సెట్టింగ్‌లో పావుగంట దాకా పడుతుంది. అంతసేపు ఏ యూజరూ ఆగడు.

ఇప్పుడు అసలు చిక్కు. సెండ్ విజయవంతమైందంటే బైట్లు నీ కెర్నెల్ బఫర్‌లోకి చేరాయని మాత్రమే. అవతలి ప్రోగ్రామ్ చదివిందని కాదు, పని చేసిందని అసలే కాదు. రిక్వెస్ట్ పంపాక జవాబు కోసం చూస్తుంటే ఈకాన్‌రీసెట్ (కనెక్షన్ తెగిపోయిందనే ఎర్రర్) వచ్చిందనుకో. సర్వర్ రిక్వెస్ట్ చదవకముందే చచ్చిపోయిందా, ఖాతాలోంచి డబ్బు తీశాక జవాబు పంపుతూ చచ్చిపోయిందా? ఇవతలి వైపు నుంచి రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. టైమౌట్ కూడా అంతే. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అయితే బెంగ లేదు, నీ రిక్వెస్ట్ బయల్దేరనే లేదు.

తెలియని స్థితిలో మళ్లీ పంపాలంటే ఆ పని రెండుసార్లు జరిగినా ఫలితం ఒకటే కావాలి. హెచ్‌టీటీపీలో గెట్, పుట్, డిలీట్‌లకి ఆ గుణం ఉండాలని నియమం. పోస్ట్‌కి లేదు. కనుక పోస్ట్‌తో ఒక ఐడెంపొటెన్సీ కీ (మళ్లీ వచ్చినా ఇది అదే రిక్వెస్ట్ అని సర్వర్ పోల్చుకునే గుర్తు) పంపు. కీని మొదటి ప్రయత్నానికి ముందే, రీట్రై లూప్ బయట పుట్టించు. లూప్ లోపల పుట్టిస్తే ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ వస్తుంది, ఇక అది ఉన్నా లేనట్టే. సర్వర్ వైపు ఆ కీని యూనిక్ కాలమ్‌లో, అసలు పని జరిగే ట్రాన్సాక్షన్‌లోనే రాయాలి. విడిగా రాస్తే రెండింటి మధ్య ప్రాసెస్ కూలినప్పుడు మళ్లీ మొదటికొస్తాం. అదే కీతో వేరే బాడీ వస్తే తిరస్కరించు.

కనెక్షన్ పూల్‌లో (మళ్లీ వాడుకోవడానికి తెరిచి ఉంచిన కనెక్షన్లలో) తరచూ తగిలేది ఇంకొకటి: ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని సర్వర్ మూసేసిన క్షణంలోనే నువ్వు దాని మీద రిక్వెస్ట్ పెడతావు. మొదటి సెండ్ బాగానే వెళుతుంది, ఆ తర్వాత రీసెట్. రెండుసార్లు జరిగినా ఫరవాలేని పని అయితే కొత్త కనెక్షన్ మీద వెంటనే ఒక్కసారి పంపేయ్. క్లయింట్ ఐడిల్ గడువుని సర్వర్ గడువు కంటే కొన్ని సెకన్లు తక్కువ పెడితే ఇది చాలావరకు తగ్గుతుంది. అన్నట్టు సెండ్‌కి ఎంఎస్‌జీ నోసిగ్నల్ ఫ్లాగ్ ఇవ్వు. లేకపోతే తెగిన సాకెట్‌లో రాసినందుకు సిగ్‌పైప్ అనే సిగ్నల్ వచ్చి ప్రాసెస్సే పోతుంది, రీట్రై చేయడానికి ఎవరూ మిగలరు.

ఇక ఎంతసేపు ఆగాలి. నీలా అందరూ సరిగ్గా సెకను ఆగితే, సర్వర్ తూలిన ప్రతిసారీ క్లయింట్లన్నీ ఒకే క్షణంలో మళ్లీ మీద పడతాయి. మూలిగే నక్క మీద తాటిపండు. మొదటి విరామం హద్దు 100 మిల్లీసెకన్లు, తర్వాత 200, 400, అలా రెట్టింపు చేస్తూ 5 సెకన్ల దగ్గర ఆపు. ఆగేది మాత్రం ఆ హద్దంత కాదు, సున్నాకీ హద్దుకీ మధ్య యాదృచ్ఛికంగా ఎంచిన సమయం. బిట్ షిఫ్ట్‌తో రెట్టింపు చేస్తే ముందు హద్దు చూసుకో, ప్రయత్నాలు పెరిగితే ఓవర్‌ఫ్లో అయి విరామం సున్నా అయిపోగలదు.

ప్రయత్నాల సంఖ్య కంటే మొత్తం గడువు ముఖ్యం. మొత్తం 3 సెకన్లు అనుకో. ప్రయత్నానికి 800 మిల్లీసెకన్ల చొప్పున మూడు, అంటే 2,400. విరామాలు మహా అయితే 300. కలిపి 2,700, సరిపోయింది. గడువుని మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే నడిచే) గడియారంతో కొలువు, గోడ గడియారాన్ని, అంటే సిస్టమ్ టైమ్‌ని, ఎన్‌టీపీ (నెట్‌వర్క్ నుంచి టైమ్ సరిచేసే పద్ధతి) వెనక్కి జరిపేయగలదు. మిగిలిన సమయం చాలదని తెలిశాక నిద్రపోకు, అప్పుడే ఎర్రర్ తిరిగివ్వు. సర్వర్ 503 (సేవ అందుబాటులో లేదు) తోనో 429 (మరీ ఎక్కువ రిక్వెస్ట్‌లు) తోనో "రీట్రై ఆఫ్టర్" పంపితే దాని మాట విను. అది నీ గడువు దాటితే మానేయ్. 400 (తప్పు రిక్వెస్ట్), 401 (గుర్తింపు లేదు), 404 (దొరకలేదు) లకి వందసార్లు అడిగినా అదే జవాబు.

రీట్రై ఒక్క పొరలోనే ఉండాలి. మూడు పొరలు మూడేసి ప్రయత్నాలు చేస్తే అడుగున డేటాబేస్ మీద 27 పడతాయి. ఆ ఒక్క పొరకీ ఒక బడ్జెట్ పెట్టు: 10 టోకెన్లతో మొదలై, విజయానికి 0.1 కలిసి, రీట్రైకి 1 తగ్గి, ఖాళీ అయితే రీట్రైలు బంద్. అప్పుడు సర్వర్ పూర్తిగా పడిపోయినా నీ నుంచి అదనపు భారం పెరగదు.

లాగ్ రాసే ఫంక్షన్ ఎర్‌నోని (చివరి ఎర్రర్ కోడ్ ఉండే చోటుని) మార్చేయవచ్చు, కాల్ తిరిగొచ్చిన వెంటనే దాన్ని స్థానిక వేరియబుల్‌లో దాచు. చివరి ఎర్రర్‌తో పాటు మొదటిదీ లాగ్‌లో ఉండాలి, అసలు కారణం సాధారణంగా మొదటిదే. మూడో ప్రయత్నంలో నెగ్గినవాటిని కూడా లెక్కపెట్టు, లేకపోతే నెట్‌వర్క్ కుళ్లిపోతున్నా గ్రాఫ్ పచ్చగానే ఉంటుంది.

పరీక్షకి టీసీ నెట్‌ఎమ్‌తో (లినక్స్‌లో నెట్‌వర్క్‌ని కావాలని చెడగొట్టే సాధనం) 10 శాతం ప్యాకెట్లు పడేసి చూడు. సర్వర్‌కి సిగ్‌స్టాప్ (ప్రాసెస్‌ని ఉన్నచోటే ఆపేసే సిగ్నల్) పంపి చూడు: కనెక్ట్ అవుతుంది, సెండ్ కూడా అవుతుంది, జవాబు మాత్రం రాదు. చివరగా, పని పూర్తిచేసి జవాబివ్వకుండా, లింగర్ సున్నా పెట్టి (అవతలికి రీసెట్ వెళ్లేలా) సాకెట్ మూసే చిన్న నకిలీ సర్వర్ రాయి. నీ క్లయింట్‌ని దానిమీదకి వదిలాక టేబుల్‌లో ఎన్ని వరుసలున్నాయో చూసి నాకు రాయి.

ఇట్లు,
అన్నయ్య