భాషా సందేహాలు: పలకని అక్షరాలు, నువ్వు–మీరు, పందికొక్కు

ప్రశ్న: గుర్రపు యోధుణ్ణి ‘నైట్’ అంటారు కదా, ఆ మాటకు ముందు కె, మధ్యలో జి-హెచ్ ఎందుకని ఏడో తరగతి చదివే మా అబ్బాయి అడుగుతున్నాడు. ఏం చెప్పాలి? – ఒక తల్లి, గాజువాక

జవాబు: ఒకప్పుడు అవన్నీ పలికేవారని చెప్పండి. 1400లో కన్నుమూసిన ఇంగ్లిష్ కవి చాసర్ నోట అది ‘క్నిహ్ట్’. మొదటి ‘క్’ గట్టిగా వినిపించేది, జి-హెచ్ దగ్గర గొంతు గరగరలాడేది. 1476లో కాక్స్‌టన్ అనే ముద్రాపకుడు లండన్ దగ్గరి వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగు మెల్లగా కుదురుకుంది, నాలుక మాత్రం ఆగలేదు. సుమారు 1400 నుంచి 1700 దాకా దీర్ఘాచ్చులన్నీ నోట్లో పలికే చోటు మారాయి. అప్పట్లో ‘టీమ్’ అని పలికిన మాట కాస్తా టైమ్ అయింది, ‘హూస్’ హౌస్ అయింది, ‘మోన్’ మూన్ అయింది. మనం ‘జ్ఞానం’ అని రాసి ‘గ్యానం’ అంటున్నామే, ఇదీ అంతే. బాబుకు ముందు అది చూపించండి.

అలాగని పలకని ప్రతి అక్షరానికీ ఈ చరిత్ర లేదు. అప్పుకు వాడే ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేనేలేదు. లాటిన్ ‘డెబిటుమ్’ను చూసి పండితులు ఇరికించారు. ‘ఐలండ్’లో ఎస్ మరీ అన్యాయం. అది లాటిన్ మాట కాకపోయినా పొరపాటున తగిలించారు.

చదివించేటప్పుడు: కె-ఎన్, జి-ఎన్, డబ్ల్యు-ఆర్‌తో మొదలైతే మొదటి అక్షరం పలకదు. జి-హెచ్ తర్వాత టి ఉంటే జి-హెచ్ దాదాపు ఎప్పుడూ మౌనమే. చివర్లో జి-హెచ్ ‘ఫ్’ అయ్యేది లాఫ్, కాఫ్, రఫ్, టఫ్, ఇనఫ్ లాంటి కొద్ది మాటల్లోనే. వాటిని ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ప్రశ్న: షేక్స్‌పియర్‌ది పాత ఇంగ్లిషేనా? ‘దౌ’, ‘యు’ రెండూ కనిపిస్తాయి, తేడా ఏమిటి? – డిగ్రీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: కాదమ్మా, పరీక్షలో అలా రాయకండి. పాత ఇంగ్లిష్ సుమారు 1150కి ముందుది, ‘బేవుల్ఫ్’ కావ్యం నాటిది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి మాటలు వచ్చి కలిసి, చాసర్ రాసిన మధ్య ఇంగ్లిష్ ఏర్పడింది. 1564–1616 నాటి షేక్స్‌పియర్‌ది తొలి ఆధునిక ఇంగ్లిష్.

‘దౌ’ అంటే నువ్వు, ‘యు’ అంటే మీరు. ఈ తేడా తెలుగువాళ్లకు చప్పున అందుతుంది. షేక్స్‌పియర్ నాటకం ‘హామ్లెట్’ మూడో అంకం, నాలుగో రంగం తీయండి. మీ నాన్నను నువ్వు చాలా నొప్పించావని హామ్లెట్‌తో తల్లి ‘దౌ’ వాడి అంటుంది. మా నాన్నను మీరు చాలా నొప్పించారని కొడుకు ‘యు’తో తిప్పికొడతాడు. ఆమె నాన్న అన్నది మారుతండ్రిని, అతను అన్నది చనిపోయిన కన్నతండ్రిని. వెంటనే తల్లి కూడా ‘యు’లోకి మారిపోతుంది. మన ఇళ్లలో కోపమొచ్చినవాళ్లు ‘నువ్వు’ మానేసి ‘మీరు’ అన్నట్టే. అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు, కొన్నిసార్లు ఒకే పాత్ర రెండూ కలిపేస్తుంది. అందుకే పిలుపు మారిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ ముందు పంక్తిలో ఏం జరిగిందో చూడండి.

ప్రశ్న: అచ్చ తెలుగు మాట ఏదైనా ఇంగ్లిష్‌లోకి వెళ్లిందా? – ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: వెళ్లింది. ‘బాండికూట్’ మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో బాండికూట్ అనే జంతువు మాత్రం ఎలుక జాతిది కాదు, పిల్లల్ని సంచిలో మోసే రకం. చూపులో పోలిక ఉందని తెల్లవాళ్లు మన పేరు దానికి పెట్టేశారు.