వకీలు ఆఫీసు పని ఫ్రీలాన్సర్లకు ఇవ్వొచ్చా? ఇవ్వండి, గుమాస్తా లేకుండా మాత్రం నడపకండి

సీనియర్ గారి దగ్గర నుంచి బయటికొచ్చి విజయనగరంలో సొంతంగా ఆఫీసు పెట్టానని, గుమాస్తాకి నెల జీతం ఇచ్చుకునే స్థోమత ఇంకా రాలేదని రాశారు. టైపింగు, డైరీ, ఫీజు లెక్కలు, క్లయింట్లకు ఫోన్లు అన్నీ ఫ్రీలాన్సర్ల చేత చేయించుకుంటే సరిపోతుందా అని అడిగారు. నేను శ్రీకాకుళంలో సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. టైపింగు, స్కానింగు, లెక్కలు కొన్నేళ్లుగా బయటివాళ్లకే ఇస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

కాగితం ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చుని చేయగలిగే పని బయటికి ఇవ్వొచ్చు. కోర్టులో నిలబడి చేయాల్సిన పని, గడువు లెక్కగట్టే పని ఇవ్వకూడదు. నేను పాటించే గీత ఇదే.

టైపింగుతో మొదలుపెట్టండి. చేత్తో రాసిన డ్రాఫ్టు ఫొటో తీసి పంపినా, ఫోన్లో చెప్పి రికార్డు చేసి పంపినా రాత్రికల్లా టైపు చేసి పంపేస్తారు. సాయంత్రం కోర్టు దగ్గర డీటీపీ సెంటర్లో మన వంతు కోసం కూర్చునే బాధ తప్పుతుంది. అయితే మనిషిని ఎంచుకునేటప్పుడు ఎక్కడో ఉన్న స్పీడు టైపిస్టు కంటే మన జిల్లా మనిషే మేలు. డిగ్రీ చదివి, డీటీపీ నేర్చుకుని, పెళ్లయ్యాక ఇంటిపట్టునే ఉంటున్న ఆడపిల్లలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. నాకు ఇప్పుడు పని చేసిపెడుతున్న అమ్మాయిది ఆమదాలవలస వైపు. ఆమె చేతికి వెళ్లిన దావాలో ఊరి పేరు తప్పు పడదు.

మన వైపు పేర్ల సంగతి మీకు తెలియంది కాదు. పైడిరాజు అనే మనిషి పేరు ఆధార్‌లో ఇంగ్లీషు పి, వై అక్షరాలతో మొదలైతే, పాస్‌బుక్‌లో పి, ఏ, ఐ అని ఉంటుంది. ఒకే ఊళ్లో ముగ్గురు అప్పలనాయుళ్లుంటే అందులో ఇద్దరి తండ్రుల పేరూ అప్పలస్వామే అయి ఉంటుంది. బయటి ప్రాంతం టైపిస్టు తనకు తోచిన స్పెల్లింగు కొట్టేస్తాడు. మన పిల్లయితే ఫోన్ చేసి "సార్, ఇందులో ఏ స్పెల్లింగు పెట్టమంటారు?" అని అడుగుతుంది. జిల్లాల సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పాత దస్తావేజులో మాత్రం శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. పార్టీ (కక్షిదారు) చిరునామాలో ఏది రాయాలో, షెడ్యూల్లో (దావాలో ఆస్తి వివరాలు రాసే భాగంలో) ఏది ఉంచాలో తెలిసిన మనిషి కావాలి.

షెడ్యూలు మాత్రం ఎవరు టైపు చేసినా మీరే దస్తావేజు పక్కన పెట్టుకుని చదవండి. సర్వే నంబరు 112-3ఏ అని ఉన్నచోట 112-3 అని పడితే అది వేరే భూమి అయిపోతుంది. దాన్ని దిద్దడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 17 కింద సవరణ పిటిషన్ వేసుకోవాలి. అవతలివాళ్లు కౌంటర్ వేస్తారు, కేసు అక్కడే ఆగిపోతుంది. ఇంకో చిన్న మాట. తెలుగు ఫైళ్లు యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పండి. అను ఫాంట్లలో కొట్టిస్తే ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్లో అన్నీ పిచ్చి గుర్తులే కనిపిస్తాయి, ఒక్క మాట వెతుక్కోవడానికి కూడా ఉండదు.

ఇక డైరీ. ఈకోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకీ 16 అక్షరాలూ అంకెల సీఎన్‌ఆర్ నంబరు, అంటే ఆ కేసు గుర్తింపు నంబరు ఉంటుంది కదా. మీ కేసులన్నిటి సీఎన్‌ఆర్ నంబర్లూ ఒక షీట్లో రాసి ఇస్తే, రోజూ సాయంత్రం మర్నాటి కేసుల పట్టిక తయారుచేసి పంపే పని ఫ్రీలాన్సరు హాయిగా చేస్తారు. పార్టీ పేరుతో వెతకమని చెప్పకండి, పైన చెప్పిన పైడిరాజు తంటా అక్కడా వస్తుంది. కానీ ఆ పట్టికనే నమ్ముకుని కూర్చోకండి. జడ్జి గారు సెలవులో ఉండి కేసులు ఇన్‌చార్జి కోర్టుకు వెళ్లిన రోజున డాకెట్‌లో (కోర్టు ఫైల్లో రోజువారీ ఆర్డర్లు రాసే కాగితంలో) పడిన వాయిదా యాప్‌లోకి ఎక్కడానికి ఆలస్యం కావచ్చు. బెంచి క్లర్కు దగ్గర నిలబడి వాయిదా రాసుకొచ్చే మనిషి కావాలి. రిటర్న్ అయిన దావా తెచ్చి అభ్యంతరాలు సరిచేసి మళ్లీ వేయడం, బత్తా (సమన్లు పంపడానికి కోర్టుకు కట్టే ఖర్చు) కట్టడం, నకలుకి (తీర్పు సర్టిఫైడ్ కాపీకి) దరఖాస్తు పెట్టడం, ఇవన్నీ గుమాస్తా పనులే. లాప్‌టాప్ ముందు కూర్చుని చేసేవి కావు.

మీ జీతం ఇబ్బందికి ఇక్కడే దారుంది. మన కోర్టుల్లో ఇద్దరు ముగ్గురు వకీళ్లు కలిసి ఒకే గుమాస్తాని పెట్టుకోవడం మామూలే. మీతోపాటు బయటికొచ్చిన స్నేహితుడెవరైనా ఉంటే ఇద్దరూ కలిసి ఒకాయన్ని పెట్టుకోండి. టైపింగు భారం లేదు కాబట్టి ఆయన కూడా ఒప్పుకుంటాడు.

గడువుల లెక్క ఎవరికీ ఇవ్వకండి. చెక్ బౌన్స్ కేసే తీసుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందుకున్నాక డబ్బు కట్టడానికి 15 రోజులు, అవి గడిచాక నెలలోపు ఫిర్యాదు. నోటీసు ఎప్పుడు అందిందో పోస్టల్ ట్రాకింగ్‌లో చూసి ప్రింటు తీసి ఫైల్లో పెట్టే పని ఫ్రీలాన్సరుకి ఇవ్వండి, అదీ వెంటనే చేయమనండి. తర్వాత తీద్దామంటే ఒక్కోసారి వెబ్‌సైటులో దొరకదు. ఆ తేదీ నుంచి లెక్క మాత్రం మీరే వేసుకోవాలి. అప్పీలు కూడా అంతే. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలుకి పట్టిన రోజులు అందులోంచి తీసేయాలి. ఆ తీసివేతలో తేడా వస్తే నష్టపోయేది మనల్ని నమ్ముకుని పొలం కాగితాలు చేతిలో పెట్టిన రైతు. నాకు ఈ విషయంలో రాజీ లేదు.

ఫోన్లు బయటివాళ్లకు ఇవ్వొద్దనే నా సలహా. కోటబొమ్మాళి నుంచి క్లయింటు రాత్రి ఫోన్ చేసి అడిగేది ఒకటే: "బాబూ, రేపు నేను రావాలా, అక్కర్లేదా?" కేసు ఏ దశలో ఉందో తెలిసినవాళ్లే దానికి జవాబు చెప్పగలరు. రమ్మంటే కూలి పోగొట్టుకుని బస్సెక్కి వస్తాడు. అక్కర్లేదన్నాక ఆ రోజే సాక్ష్యానికి పిలిస్తే కేసుకే ముప్పు.

గోప్యత గురించి మీరు అడగలేదు గానీ ముందు అడగాల్సింది అదే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షను క్లయింటు మనతో చెప్పుకున్న మాటకు రక్షణ ఇస్తుంది. అది దుబాసీలకు, అడ్వకేట్ల గుమాస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తిస్తుంది. పేజీకింతని డబ్బు తీసుకునే బయటి మనిషి ఉద్యోగి కిందికి వస్తారా అన్న వాదనకు చోటివ్వకుండా, ఏ పని, ఏ షరతుల మీద, కాగితాలు ఎవరికీ చూపకూడదు, పనయ్యాక ఫైళ్లు తొలగించాలి అని ఒక పేజీ ఒప్పందం రాసి సంతకం పెట్టించుకోండి. ఆధార్ కాపీ పంపాల్సి వస్తే నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి కొట్టేయండి. భార్యాభర్తల తగాదాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) కేసులు, మిగతా లైంగిక నేరాల కేసులు అసలు బయటికి పంపకండి. బాధితురాలి వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 72వ సెక్షను కింద నేరం. అలాంటివి నేనే టైపు చేసుకుంటాను.

కొందరు ఫ్రీలాన్సర్లు "సార్, మీకు ఫేస్‌బుక్ పేజీ పెట్టి కేసులు తెస్తాం, ఫీజులో కొంత ఇవ్వండి" అంటారు. ఒప్పుకోకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 ప్రకారం ప్రకటనలు ఇచ్చి కేసులు పట్టకూడదు. అడ్వకేట్ కానివాళ్లతో ఫీజు పంచుకోవడం కూడా నిషిద్ధమే. టైపింగుకి పేజీకింత, లెక్కలకి నెలకింత అని మాట్లాడుకుని వారం వారం ఇచ్చేయండి. డబ్బు కోసం రెండుసార్లు అడిగించుకుంటే మంచి మనిషి మూడోసారి మన పని పక్కన పెట్టేస్తుంది.

మొదటి పనిగా తీర్పు వచ్చేసి ముగిసిన పాత ఫైలు ఒకటి తీసి, పేర్లు కొట్టేసి, అందులోని దావా (ప్లెయింటు) టైపు చేయమని ఇవ్వండి. హద్దులు, సర్వే నంబర్లు ఎంత జాగ్రత్తగా కొట్టారో, అర్థంకాని చోట అడిగారో లేదో చూశాక నడుస్తున్న ఫైలు ఇవ్వండి.